రెండు రాళ్ళ జవాబు

ఆస్తా పోయిన రోజు పొద్దున సముద్రం తోడుపెట్టిన పాలగిన్నెలా కదలకుండా ఉంది.

ఈడర్ బాతులు గుడ్ల మీద కూర్చున్న రోజులవి. ఆ రోజుల్లో మోస్‌వేర్ దీవిలో ఎవరూ గొంతెత్తరు. కుక్కలను కట్టేస్తారు. పడవల ఇంజన్లు ఆపేసి తెడ్లు వేసుకుంటారు. ఆ తెడ్లకు కూడా గోనెపట్టా చుడతారు. తలుపు బందులకు చేపనూనె రాస్తారు. చంటిపిల్ల ఏడుపు అందుకుంటే తల్లి దాన్ని పశువుల కొట్టంలోకి ఎత్తుకుపోతుంది. చర్చి గంట తాడును పైకి చుట్టి ముడివేస్తారు. ఆ రోజుల్లో ఎవరైనా చనిపోతే మట్టి చేయడం అప్పుడే, గంట మాత్రం బాతులు పిల్లలతో నీళ్ళలోకి దిగాకే.

బాతు బెదిరి లేచిందంటే గుడ్ల మీద కంపు రెట్ట వేసి మరీ పోతుంది. చాలాసార్లు తిరిగి రాదు. గుడ్లు తినిపోయే నల్లవీపు గల్ పక్షులు పైన ఆ క్షణం కోసమే తిరుగుతుంటాయి. గూట్లో బాతు తన రొమ్మునుంచి పీకి పరుచుకునే నూగు అమ్ముకునే దీవి బతుకుతుంది. చలికాలం మగవాళ్ళు చేపల వేటకు పోతే, ఆడవాళ్ళు రాళ్ళతోను, ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెక్కలతోను బాతులకు ఇళ్ళు కడతారు. నాచు ఎండబెట్టి వాటిలో పరుస్తారు. వసంతంలో బాతు వచ్చి ఆ ఇంట్లో కూర్చుంటే దూరపు చుట్టం వచ్చినంత సంబరపడతారు. ఆ సంబరం కూడా గుసగుసల్లోనే.

తోర్దిస్ ఆ పనిలోనే పుట్టి పెరిగింది. ఆమె తోడికోడలు గుడ్నీ అలా కాదు. గుడ్నీది కొండలోయ. అక్కడ ఆడపిల్లలు పొద్దువాలే వేళ వాకిట్లో నిలబడి కొండమీద మేసే ఆవులను పిలుస్తారు. ఆ పిలుపు సన్నగా లేచి కొండకు తగిలి, పక్క కొండకు తగిలి, ఆవు చెవిలో పడేదాకా ఆగదు. అటువంటి గొంతును పట్టుకొని ఆమె నోరు మెదపని దీవికి కోడలుగా వచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకే మొగుణ్ణి చలికాలపు వేటలో సముద్రం తీసుకుంది. పిల్లలు లేరు. దీవిలో గూళ్ళు పంచిపెట్టే పెద్దదిక్కు, అత్తగారు బెరెత్ ఆమెను ఇంట్లోనే ఉంచుకుంది, ఉత్తరపు తిప్పమీద కొన్ని గూళ్ళు అప్పజెప్పింది. ఆ గూళ్ళున్నంత కాలం ఆ ఇంట్లో గుడ్నీకి ఒక మంచం, ఒక కుర్చీ.

ఊళ్ళో ఆమెను ఆటపట్టించని రోజు లేదు. గంట కొట్టే ఆస్లాక్‌కైతే అదే కాలక్షేపం.

"గుడ్నీ, నువ్వు గుసగుసలాడితేనే మా ఇంట్లో పాలు విరుగుతున్నాయే తల్లీ!"

"నీ ఇంట్లో పాలు విరిగేది నీ మొహం చూసి మావయ్యా, నా గొంతుకి కాదు," అనేది గుడ్నీ, వీలైనంత మెల్లగా.

ఆస్తాకు ఆరేళ్ళు. తోర్దిస్‌కు ఒక్కతే కూతురు. తల్లికన్నా పిన్నికే ఎక్కువ చేరిక. రాత్రిళ్ళు గుడ్నీ మంచంలోకి దూరేది. ఒకరోజు తోర్దిస్ గడ్డి తేవడానికి కొట్టంలోకి వెళ్తే, ఆస్తా గడ్డిమోపులో మొహం దాచుకొని ఆవుల పిలుపు సాధన చేస్తోంది. గుడ్నీ పక్కన కూర్చుని చేత్తో తాళం వేస్తోంది. గడ్డి అడ్డం ఉన్నా ఆ గొంతు సూదిలా బయటికి వచ్చింది. అచ్చం పిన్ని గొంతే.

తోర్దిస్ కూతుర్ని లేవదీసి చెంప మీద కొట్టింది.

"బాతులు వచ్చే వేళకి ఇదా నువ్వు నేర్చుకునేది? ఇంకోసారి గొంతు లేచిందంటే ఏం చేస్తానో నాకే తెలీదు."

"గడ్డిలోకే కదా అక్కా, ఎవరికీ వినపడదు," అంది గుడ్నీ.

"నాకు వినపడింది."

ఆస్తా ఏడవలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని, "ఇంక అరవను," అంది. అన్నమాట నిలబెట్టుకునే పిల్ల. తరవాత బెరెత్ పదిమంది ముందు మనవరాలి తల నిమిరి, "ఇది నా రక్తం. ఇది నడిచివెళ్తే బాతు కన్ను కూడా తెరవదు," అని చెప్పుకుంది. ఆ మాటకు ఆస్తా వారంపాటు మునివేళ్ళ మీద నడిచింది.

ఆ ఏడు ఆస్తా తనకంటూ ఒక బాతింటిని కట్టుకుంది. పగిలిన చేపల పెట్టె, నాలుగు రాళ్ళు. తిప్ప అంచున, ఎవరూ కట్టనిచోట. "అక్కడికి ఏ పిచ్చి బాతు వస్తుందే?" అని అందరూ నవ్వారు. ఒక పిచ్చి బాతు వచ్చింది. కూర్చుంది. అది కూర్చున్నప్పటినుంచీ ఆస్తాకు వేరే ధ్యాస లేదు.

ఆ రోజు పొద్దున ఆటు వేళకు తోర్దిస్, గుడ్నీ బుట్టలు పట్టుకుని తిప్పకు బయలుదేరారు. ఇద్దరూ బూడిదరంగు శాలువాలు కప్పుకున్నారు. ఏడాదికి ఏడాది అవే శాలువాలు. 'బాతు మనిషిని ఎరగదు, శాలువాను ఎరుగుతుంది' అన్నది బెరెత్ మాట.

"నేనూ వస్తానమ్మా. నా బాతుకి నాచు తడిసిపోయింది. ఎండుది తీసుకెళ్తాను," అంది ఆస్తా, ఒళ్ళో నాచు పట్టుకుని.

"ఇవాళ కాదు. నాన్నమ్మ దగ్గరుండు."

"నాన్నమ్మ నిద్రపోతుంది."

"అయితే నువ్వూ నిద్రపో."

బెరెత్ పొయ్యి పక్కన కుర్చీలో అప్పటికే జోగుతోంది.

ఇంటినుంచి తిప్పకు ఆటు వేళ రాళ్ళమీదుగా నడిచిపోవచ్చు. దారి మధ్యలో గుంటపడిన పెద్ద బండ ఒకటుంది. దాన్ని గిన్నెబండ అంటారు. పోటు వస్తే ముందు రెండుపక్కలా నీళ్ళు తిరుగుతాయి, తరవాత గిన్నె నిండుతుంది, ఆ తరవాత అక్కడ బండ ఉన్నట్టే తెలియదు. దీవి పిల్లలకు నడక రాగానే నేర్పే సంగతి ఒకటుంది. మంచు కమ్మితే కదలకూడదు. అరవకూడదు. ఉన్నచోటే కూర్చుని రెండు రాళ్ళు తీసుకుని కొట్టాలి: టక్, టక్, టక్. విన్నవాళ్ళు కూడా అలాగే రాళ్ళతో జవాబిస్తారు. ఆ జవాబుకు ఒకటే అర్థం: విన్నాను, అక్కడే ఉండు. ఆ చప్పుడు రాతిమీద రాయి దొర్లినట్టే ఉంటుంది కాబట్టి బాతులు లెక్కచేయవు.

మంచు నడిసముద్రంనుంచి గోడలా వచ్చింది. తోర్దిస్ తిప్ప ఇటువైపు గూళ్ళ దగ్గర మోకాళ్ళ మీద ఉంది. గుడ్నీ అటువైపు. బాతు పొట్టకిందకు చెయ్యిపోనిచ్చి పైపై నూగు కొంచెం తీసుకుంటోంది తోర్దిస్. బాతు ఆమె మణికట్టు మీద మెడ ఆనించి కూర్చుంది. వెచ్చగా ఉంది.

అప్పుడు వినిపించింది. టక్, టక్, టక్.

మంచులో చప్పుడుకు దిక్కుండదు. గుడ్నీ బుట్ట నిండినట్టుంది, ఖాళీ బుట్ట కావాలేమో అనుకుంది తోర్దిస్. చెయ్యి ఊరికే తీస్తే బాతు కదులుతుంది. ఎడంచేత్తో రెండు గులకరాళ్ళు అందుకుని జవాబు కొట్టింది. విన్నాను, అక్కడే ఉండు.

పక్కగూటికి జరిగింది. దాని పక్కగూటికి జరిగింది. మళ్ళీ వినిపించింది. ఈసారి గబగబా, మూడు కాదు, చాలా.

'లోయ మనుషులకి ఓపిక ఉండదు,' అనుకుంది తోర్దిస్. విసుగ్గా, గట్టిగా, రాళ్ళు అరిగిపోయేలా కొట్టింది. అక్కడే ఉండు.

తరవాత ఏమీ వినిపించలేదు. ఆమెకు అది హాయిగానే అనిపించింది.

బుట్ట నిండాక ఆమె అటువైపు బయలుదేరబోతుంటే గుడ్నీయే మంచులోంచి ఎదురొచ్చింది.

"ఎందుకే అంత తొందర? రెండుసార్లు కొట్టావు. అక్కడే ఉండమని చెప్పాగా!" అంది తోర్దిస్ లోగొంతుకతో.

"నేను కొట్టలేదక్కా."

"నువ్వు కాకపోతే ఇంకెవరు?"

"నేను రాళ్ళు ముట్టుకోలేదు. నువ్వు కొట్టుకుంటున్నావేమో అనుకున్నా..."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుడ్నీ చేతిలోంచి బుట్ట జారింది. నూగు గాల్లోకి లేచి మంచులో కలిసిపోయింది. ఇద్దరూ తిప్ప అంచుకు పరుగెత్తారు. అక్కడ దారి లేదు. దారి ఉండాల్సిన చోట నీళ్ళు, నీళ్ళమీద మంచు. అడుగు అవతల ఏముందో కనబడలేదు.

తోర్దిస్ వంగి రెండు రాళ్ళు వెతుక్కుంటోంది. గుడ్నీ వెతుక్కోలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, గుండెలనిండా ఊపిరి తీసుకుని పిలిచింది. ఆస్తా పేరును ఆవుల పిలుపులో పెట్టి పిలిచింది.

తిప్ప మొత్తం లేచింది. వందల రెక్కలు ఒక్కసారిగా కొట్టుకున్నాయి. బాతులు మంచులో ఒకదాన్నొకటి గుద్దుకుంటూ, తోర్దిస్ భుజాన్ని తాకుతూ, గుడ్ల మీద రెట్టలు వేస్తూ లేచిపోయాయి. ఆ కంపు మంచులో పాకింది. పైన గల్ పక్షులు కేరింతలు మొదలెట్టాయి.

గుడ్నీ రెండో పిలుపుకు ఊపిరి తీసుకుంది. తోర్దిస్ మీదపడి ఆమె నోరు మూసింది.

తరవాత చాలాకాలం ఆ చెయ్యి ఎందుకు లేచిందని తోర్దిస్ తనను తాను అడుగుతూనే ఉంది. ఆలోచించి లేవలేదు. ఆరేళ్ళప్పటినుంచి నేర్చుకున్న చెయ్యి అది. గుడ్నీ పెనుగులాడింది. అరచేతిలో పళ్ళు దించింది. తోర్దిస్ వదల్లేదు. రెండోచేత్తో ఆమె తల వెనక పట్టుకుని, చెవిలో, "బాతులు! బాతులు!" అంది. గుడ్నీ మోకాళ్ళు వంగిపోయేదాకా అలాగే పట్టుకుంది.

రెక్కల చప్పుడు సద్దుమణిగాక రాళ్ళు కొట్టారు. మళ్ళీ కొట్టారు. జవాబు రాలేదు.

ఆటు వచ్చి మంచు విడిచాక ఆస్లాక్ పడవమీద వచ్చాడు. పిల్ల గిన్నెబండకు అవతల, రాళ్ళ సందులో దొరికింది. ఒక చెప్పు లేదు. కుడిచేతిలో ఒక రాయి ఉంది. బండ ఎంత దగ్గరంటే, తిప్పమీద తోర్దిస్ మోకాళ్ళూనిన గూటినుంచి అక్కడికి ఒక మాట వేస్తే అందుతుంది. గుసగుస అందదు. మాట అందుతుంది.

*

పిల్లను వంటింట్లో బల్లమీద పడుకోబెట్టారు. బెరెత్ దాని జుట్టులోంచి ఇసుక తీస్తోంది. ఎవరూ ఏడవలేదు, ఇంటి మెట్ల కింద కూడా ఒక బాతు గుడ్లమీద ఉంది. తోర్దిస్ చేతికి గుడ్డ చుట్టుకుంటుంటే గుడ్నీ దగ్గరకొచ్చింది.

"నేను పిలిచాక ఏదో పలికిందక్కా. నీకు వినపడలేదా?"

"రెక్కల చప్పుడు తప్ప ఏం వినపళ్ళేదు."

"సరే."

గుడ్నీ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. రాళ్ళకు జవాబు ఎవరిచ్చారో బెరెత్‌కు చెప్పలేదు, తోర్దిస్ భర్త ఐలిఫ్‌కు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. చెప్పదని తోర్దిస్‌కు మొదటిరోజే తెలిసిపోయింది. అందుకే ఆమెకు గుడ్నీ మొహం చూడాలంటే ఒళ్ళుమండేది. తిట్టినవాళ్ళను క్షమించవచ్చు. కాపాడినవాళ్ళను ఇంట్లో రోజూ చూడడం కష్టం.

ఐలిఫ్ వేటనుంచి వచ్చాడు. పిల్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తరవాత అడిగాడు.

"నువ్వు పిలిచావా దాన్ని?"

"బాతులు కూర్చున్నాయి కదా."

ఐలిఫ్ కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. "అవును," అన్నాడు. బూట్లు పొయ్యి దగ్గర పెట్టి, "ఎవరో అరిచారట. తిప్ప సగం ఖాళీ అయిందట?"

"గుడ్నీ అరిచింది."

"దానికి మొదటినుంచీ తెలీదు," అన్నాడు అతను.

ఆస్తాను మట్టిలో పెట్టారు. పాదిరి పెదవులు కదిపాడు. పాటలో మాటలు అందరూ మనసులోనే పాడుకున్నారు. అది అయ్యాక ఆస్లాక్ టోపీ చేతిలో పట్టుకుని తోర్దిస్ దగ్గరకొచ్చాడు.

"బాతులు నీళ్ళలోకి దిగాక గంట కొడతానమ్మా. పద్ధతి నీకు తెలుసుగా. ఇంటివాళ్ళు మా గుమ్మంలోకొచ్చి పోయినవాళ్ళ పేరు గట్టిగా చెప్పాలి. అప్పుడే తాడు విప్పుతా. పసిపిల్ల కాబట్టి తల్లే రావాలి."

"తెలుసు."

"ఎప్పుడంటే అప్పుడు రా."

ఊరు పిల్లను తలచుకున్నది కొద్దిరోజులే. గూళ్ళను తలచుకోవడం మానలేదు. తిప్పమీద గల్ పక్షులు విందు చేసుకున్నాయి. పగిలిన పెంకులు రాళ్ళమధ్య ఎండుతున్నాయి. ఆడవాళ్ళు రేవుమెట్ల మీద చేపలు చీల్చుతూ మాట్లాడుకునేవాళ్ళు, గుడ్నీ వచ్చినా ఆపేవాళ్ళు కాదు.

"పిల్లని సముద్రం తీసుకుంది. సముద్రానికి ఎవరు చెప్తారు? బాతుల్ని మాత్రం మనిషే పోగొట్టింది."

"తల్లి చూడండి, రాయిలా నిలబడింది. తల్లే అరవలేదు. దీనికెందుకు వచ్చింది అరుపు?"

"ఆవులనుకుందేమో పాపం."

ఎవరో నవ్వారు. గుడ్నీ చేప పొట్ట చీల్చి పేగులు బకెట్లో వేసింది. తోర్దిస్ అక్కడే ఉంది. కత్తి తుడుచుకుంటోంది. చాలాసేపు తుడుచుకుంది.

ఆ వారంలోనే బెరెత్ గుడ్నీ శాలువా అడిగింది.

"ఇటివ్వు. మిగిలిన గూళ్ళని తోర్దిస్ చూసుకుంటుంది. అక్కడి బాతులకి ఈ శాలువా తెలుసు."

"నేను జాగ్రత్తగా ఉంటానత్తయ్యా. నోట్లో గుడ్డ పెట్టుకునైనా వెళ్తాను."

"గుడ్డ అప్పుడే పెట్టుకుని ఉండాల్సింది."

గుడ్నీ శాలువా విప్పి మడత పెట్టింది. బెరెత్ చేతికివ్వలేదు. నేరుగా తోర్దిస్ ఒళ్ళో పెట్టింది.

మర్నాడు తోర్దిస్ తన శాలువా ఇంట్లో వదిలి గుడ్నీ శాలువా కప్పుకుని అటువైపు గూళ్ళకు వెళ్ళింది. శాలువాలో గుడ్నీ వాసన ఉంది, కొట్టం వాసన, దానికింద ఆస్తా జుట్టు వాసన. గుడ్నీ మచ్చిక చేసిన బాతులు, ఆ పిలుపుకు లేచిపోయి కూడా ఎందుకో తిరిగొచ్చిన నాలుగు బాతులు, ఆమె చేతికింద కదలకుండా కూర్చున్నాయి. ఒకటి కళ్ళు మూసుకుంది. మనిషి మారిన సంగతి వాటికి పట్టలేదు.

తిప్ప అంచున పగిలిన చేపల పెట్టెలో ఆస్తా బాతు కూడా కూర్చునే ఉంది. ఆ రోజు అది లేచిందో లేదో ఎవరూ చూడలేదు. దాని కింద నాచు తడిగానే ఉంది. తోర్దిస్ దాన్ని ముట్టుకోకుండా చుట్టూ తిరిగి వచ్చేసింది.

*

బాతులు పిల్లలను వెంటేసుకుని నీళ్ళలోకి దిగిన రోజును మోస్‌వేర్‌లో గొంతు విప్పే రోజంటారు. ఆ రోజు కుక్కలను వదులుతారు. కుర్రాళ్ళు ఇంజన్లన్నీ ఒక్కసారే పెడతారు. పిల్లలు రేవు చివరకు పరుగెత్తి ఊరికే అరుస్తారు. ముసలివాళ్ళు కూడా ఒకసారి దగ్గి గొంతు సవరించుకుని ఏదో ఒక మాట గట్టిగా అంటారు. పుల్లమీగడతో జావ కాస్తారు. కాఫీ తాగి, తరవాతి ఏటికి గూళ్ళు ఎవరికెన్నో బెరెత్ చెబుతుంది. బెరెత్ చెప్పాక దానికి తిరుగులేదు.

ఆ ఏడు కూడా పిల్లలు అరిచారు. ఆ అరుపుల్లో తోర్దిస్ ఒక గొంతుకోసం వెతుక్కుంది. లేదని తెలిసీ వెతుక్కుంది.

రాత్రంతా ఆమె ఒక వాక్యాన్ని సిద్ధం చేసుకుంది. 'రాళ్ళకి జవాబిచ్చింది నేను, నోరు మూసింది నేను.' అంతే. పెద్ద వాక్యం కాదు. ఆ వాక్యం చెబితే గుడ్నీ గూళ్ళు గుడ్నీకి ఉంటాయి. మంచం ఉంటుంది, కుర్చీ ఉంటుంది. చెబితే తోర్దిస్‌కు ఏం మిగులుతుందో ఆమె ఆలోచించకుండా ఉండలేకపోయింది. ఇప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెను చూసి గొంతు తగ్గిస్తారు. రాయిలా నిలబడిన తల్లి అంటారు. ఐలిఫ్ రాత్రి ఆమె చేతిమీది మచ్చను నిమిరి నిద్రపోతాడు.

రేవుమీద అందరూ చేరాక బెరెత్ కర్ర ఆనించుకుని లేచింది. ఒక్కొక్కరి గూళ్ళూ చెప్పింది. గుడ్నీ పేరు దగ్గర ఆగింది.

"నోరు అదుపులో లేని మనిషికి గూళ్ళు అప్పజెప్పలేం. నా కొడుకు పెళ్ళామే, కాదనను. కానీ బాతులకి చుట్టరికాలుండవు." తోర్దిస్ వైపు తిరిగింది. "అయినా నేను చూళ్ళేదు. చూసింది ఒక్కతే. తోర్దిస్, నువ్వు చెప్పు. పిల్ల పోయింది నీది. దీనిమీద నీకు పగుంటే అర్థముంది, జాలి ఉన్నా అర్థముంది. నువ్వెలా అంటే అలా. ఆ రోజు ఇది అరిచిందా, లేదా అరవాల్సి వచ్చిందా?"

రేవు చివర ఒక కుక్క మొరుగుతోంది. గుడ్నీ తోర్దిస్ వైపు చూసింది. ఆ చూపులో అడగడం లేదు, బెదిరించడం లేదు. గూటిమీద బాతు, దగ్గరకొచ్చే మనిషిని చూసినట్టు చూసింది.

తోర్దిస్ నోరు తెరిచింది. సిద్ధంచేసుకున్న వాక్యం గొంతుదాకా వచ్చింది.

"అరిచింది," అంది.

అది అబద్ధం కాదు. బెరెత్ తలూపింది. గుడ్నీ గూళ్ళు తోర్దిస్ వాటాలో కలిశాయి. ఎవరో జావ గిన్నెలు అందించడం మొదలుపెట్టారు. గుడ్నీకి కూడా ఒక గిన్నె ఇచ్చారు. ఆమె తీసుకుంది, తాగింది, గిన్నె కడిగి బోర్లించింది.

మర్నాడే ఆమె ప్రయాణం కట్టింది. ఒక పెట్టె, ఒక మూట. ఓడ ఆగే పెద్ద దీవిదాకా ఆస్లాక్ పడవలో దించుతానన్నాడు. ఐలిఫ్ పెట్టె మోశాడు. బెరెత్ గుమ్మం దాటి రాలేదు. తోర్దిస్ రేవుమెట్ల దాకా వచ్చింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "దారిలో తినడానికి రొట్టె పెట్టావా?" అంది.

"పెట్టుకున్నా." గుడ్నీ పడవలోకి దిగి కూర్చుంది. శాలువా సర్దుకున్నట్టు భుజాలమీద చేతులు పెట్టుకుంది. అక్కడ ఏమీ లేదు. "ఆ శాలువా ఉతక్కు అక్కా. సబ్బు వాసన వాటికి పడదు."

పడవ ఇంజను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఆటు వేళ. తోర్దిస్ ఇంటికి పోకుండా రాళ్ళమీదుగా నడిచింది. గిన్నెబండ దగ్గర ఆగింది. అప్పటిదాకా ఆమె ఆ బండ ఎక్కలేదు. ఎక్కి, గుంటలో కూర్చుంది. ఆరేళ్ళ పిల్లకు సరిపోయే గుంట. మోకాళ్ళు ముడుచుకుంటే ఆమెకు కూడా సరిపోయింది. అక్కడినుంచి తిప్పమీద గూళ్ళన్నీ కనిపిస్తున్నాయి. తాను కూర్చున్న గూడు కూడా.

అప్పుడు పిలుపు వచ్చింది.

పడవ చివరి తిప్ప దాటి చుక్కలా ఉంది. మనుషులు కనబడడం లేదు. ఆ చుక్కలోంచి ఆస్తా పేరు లేచింది. ఆవుల పిలుపులో, పూర్తిగా, ఎవరూ మూయని నోటితో. నీళ్ళమీదుగా వచ్చి బండకు తగిలింది. తిప్పకు తగిలి వెనక్కి వచ్చింది. ప్రతి అక్షరమూ విడివిడిగా వినిపించింది. మళ్ళీ పిలిచింది. అంత దూరంనుంచి, ఇంజను చప్పుడు మీదుగా, ఎదురుగాలిలో. ఆ రోజు గుడ్నీ నిలబడి పిలిచిన తిప్ప అంచు ఇక్కడికి ఎంత దగ్గరో తోర్దిస్ తిరిగి చూసుకోలేదు. చూడకుండానే తెలుసు.

నీళ్ళమీద ఒక బాతు పిల్లలతో పోతోంది. పిలుపుకు తల తిప్పనైనా లేదు.

తోర్దిస్ జవాబివ్వడానికి నోరు తెరిచింది. గాలి వచ్చింది, గొంతు రాలేదు. ఆమె చెయ్యి బండమీద తడుముకుంటూ వెళ్ళి ఒక రాయిని పట్టుకుంది. రెండో రాయికోసం వెతికింది. అప్పుడు తానేం చేస్తోందో తెలిసి, చేతిలోది నీళ్ళలో వదిలేసింది.

సాయంత్రం ఆస్లాక్ తిరిగొచ్చి రేవులో అందరికీ చెప్పాడు. "అబ్బ, ఏం గొంతర్రా! నా చెవిలో ఇంకా మోగుతోంది. ఆపమంటే ఆపదే. గొంతు విప్పే రోజు అయిపోయిందిగా, ఇంక నాకేంటి మావయ్యా, అంది." కొందరు నవ్వారు. తోర్దిస్‌ను చూసి ఆపేశారు. ఆస్లాక్ ఆమెతో పాటు నాలుగడుగులు నడిచాడు.

"మరి గంట సంగతేంటమ్మా? బాతులన్నీ దిగాయి. వచ్చి పేరు చెప్పు, చాలు. ఇవాళ వచ్చినా కొడతా."

"వస్తాను," అంది తోర్దిస్.

ఆకు రాలే కాలం వచ్చింది. మగవాళ్ళు వేటకు పోయారు. ఆడవాళ్ళు కొత్త నాచు కోసి రాళ్ళమీద ఎండబెట్టారు. తోర్దిస్ రెండు వాటాల నాచు ఎండబెట్టింది, రెండు వరసల గూళ్ళు సరిచేసింది. శాలువా ఉతకలేదు. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు ఆస్లాక్ ఇంటిముందు నుంచే దారి. ఆమె వస్తుంటే అతను తలుపు తీసి గుమ్మంలో నిలబడతాడు. ఆమె తలవంచి పలకరించి దాటిపోతుంది.

గంట తాడు ఇంకా పైకి చుట్టే ఉంది. ఆస్తా పేరు తోర్దిస్ ఇంకా గట్టిగా చెప్పలేదు.